వానకు ఆగని రాకెట్ మేఘానికి ఎందుకు ఆగుతుంది? మానవరహిత ప్రయోగాలు, వాతావరణం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీహరికోటలో ప్రయోగం వాయిదా పడిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. వాటిలో ఎక్కువసార్లు వినిపించేవాటికి ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఉపగ్రహాలను, గ్రహాంతర నౌకలను మోసుకెళ్లే మానవరహిత రాకెట్ల గురించే ఈ పేజీ. వ్యోమగాములు ఎక్కే రాకెట్లు అవసరమైన చోట మాత్రమే వస్తాయి. ఉదాహరణల్లో శ్రీహరికోటతో పాటు అమెరికాలోని కేప్ కెనావరల్ కూడా తరచుగా కనిపిస్తుంది. వాతావరణ నియమాలను అంకెలతో సహా బహిరంగంగా ప్రకటించే అలవాటు అక్కడ ఉంది మరి.

వాన పడుతుంటే ప్రయోగం ఆపేస్తారా?

ఒట్టి వానకైతే సాధారణంగా ఆపరు. ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ 44 మీటర్ల పొడవు, పెద్ద రకమైతే దాదాపు 320 టన్నుల బరువు ఉండే వాహనం. ఉపగ్రహం ముక్కు భాగంలో ఉష్ణకవచం లోపల భద్రంగా ఉంటుంది. చినుకులను ఈ రాకెట్ లెక్క చేయదు. 2008 అక్టోబర్ 22న చంద్రయాన్-1 బయలుదేరింది వానల రోజుల్లోనే. అప్పుడు అందరి ఆందోళనా పిడుగుల గురించే. చివరికి అనుకున్నట్టే ఉదయం 6.22 గంటలకు రాకెట్ నింగికి లేచింది.

"వర్షం వల్ల వాయిదా" అన్న శీర్షిక చూస్తే దాని వెనుక పిడుగో గాలో ఉందని అనుకోవచ్చు. వానను తెచ్చే మేఘంలోని విద్యుదావేశమే అసలు బెడద. ప్రయోగానికి ముందు ఆరుబయట జరిగే పనులకు వాన అడ్డం వచ్చి, రోజులు వెనక్కి జరగడం వేరే సంగతి.

రాకెట్ వల్లే పిడుగు పడుతుందంటారు, నిజమేనా?

నిజమే. చాలామందికి నమ్మబుద్ధి కాని విషయం కూడా ఇదే. మేఘంలో విద్యుదావేశం పేరుకుని ఉన్నా, అది తనంతట తాను పిడుగుగా పడేంత బలంగా ఉండకపోవచ్చు. ఉరుము ఉండదు, మెరుపు ఉండదు, చూస్తే మామూలు బూడిదరంగు మబ్బు. అందులోకి పొడవైన లోహపు గొట్టం దూసుకుపోతుంది. దాని వెనుక వందల మీటర్ల పొడవున మండుతున్న వాయువుల తోక ఉంటుంది, ఆ వేడి వాయువులు కూడా కొంతవరకు విద్యుత్తును ప్రసరింపజేస్తాయి. రాకెట్ కొన దగ్గర విద్యుత్ క్షేత్రం ఒక్కసారిగా పెరిగి పిడుగు అక్కడే పుడుతుంది. రాకెట్ రాకపోతే ఆ పిడుగు పుట్టేదే కాదు. అందుకే పిడుగులు పడని రోజున కూడా పిడుగు భయంతో ప్రయోగం ఆపుతారు.

ఈ పాఠం చాలా ఖరీదుకు వచ్చింది. 1987 మార్చి 26న కేప్ కెనావరల్ నుంచి అట్లాస్-సెంటార్ రాకెట్ అమెరికా నౌకాదళానికి చెందిన ఫ్లీట్‌శాట్‌కామ్ సమాచార ఉపగ్రహంతో బయలుదేరింది. ఆకాశం నిండా మబ్బు, వాన. లేచిన దాదాపు 49 సెకన్లకు రాకెట్ తానే రేపిన పిడుగు దానికి తగిలింది. ఆ దెబ్బకు మార్గనిర్దేశక కంప్యూటర్ జ్ఞాపకంలో ఒకచోట సమాచారం తారుమారైంది. కంప్యూటర్ తప్పు ఆదేశం ఇచ్చింది, రాకెట్ ఒక్కసారిగా పక్కకు తిరిగింది, గాలి ఒత్తిడికి ముక్కలైంది. మిగిలినదాన్ని భద్రతాధికారులు పేల్చేశారు. సముద్రం నుంచి తీసిన ముక్కు కవచం భాగాలపై పిడుగు కాల్చిన గుర్తులు దొరికాయి. నేడు అమెరికా ప్రయోగ కేంద్రాల్లో అమలయ్యే సవివరమైన పిడుగు నియమాలకు ఈ దర్యాప్తే పునాది. మనుషులున్న రాకెట్లకూ అవే రక్ష. ఆ నియమాలకు మూల్యం చెల్లించింది మాత్రం మనిషి లేని రాకెట్.

అపోలో-12కి పిడుగు తగిలినా చంద్రుడి దాకా వెళ్లింది కదా?

వెళ్లింది. 1969 నవంబర్ 14న లేచిన 36 సెకన్లకు ఒకసారి, 52 సెకన్లకు మరోసారి తగిలింది. కింద రాకెట్‌ను నడిపే కంప్యూటర్ చెక్కుచెదరలేదు. పైన నౌకలో పోయిన విద్యుత్ వ్యవస్థలను వ్యోమగాములు తమ చేతులతోనే తిరిగి గాడిలో పెట్టారు. 2019 మే 27న రష్యాలోని ప్లెసెట్స్క్ నుంచి దారి చూపే గ్లోనాస్ ఉపగ్రహంతో వెళ్తున్న సోయుజ్ రాకెట్‌కు కూడా పిడుగు తగిలింది. దాని వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఉపగ్రహం కక్ష్యకు క్షేమంగా చేరింది.

ఈ రెండు కథలను చూపించి "ఇంత భయం అవసరమా" అనేవారు ఉన్నారు. పిడుగు ఎక్కడ తగులుతుందో, ఏ తీగ గుండా పోతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. రెండు బతికాయి కదా అని మూడోదాన్ని మేఘంలోకి పంపేవాడికి ఉపగ్రహం ఖరీదు తెలియదనుకోవాలి. పైగా మానవరహిత నౌకలో మీటలు వెనక్కి వేసి సరిచేసే వ్యోమగామి ఉండడు.

మేఘంలో ఆవేశం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

నేల మీద విద్యుత్ క్షేత్రాన్ని కొలిచే పరికరాలు ఉంటాయి. వీటిని ఫీల్డ్ మిల్లులు అంటారు. కేప్ కెనావరల్, దాని పక్కనే ఉన్న నాసా కెనెడీ కేంద్రం ఆవరణలో ఇలాంటివి సుమారు 30 చోట్ల ఉన్నాయి. వీటికి తోడు మెరుపులను పసిగట్టే వ్యవస్థలు, రాడార్లు, ఉపగ్రహ చిత్రాలు. శ్రీహరికోటలోని ఇస్రో ప్రయోగ కేంద్రమైన షార్‌లో దేశీయంగా తయారైన డాప్లర్ వాతావరణ రాడార్ ఉంది. చెన్నై వైపు నుంచో బంగాళాఖాతం నుంచో వచ్చే మేఘాల లోపల వాన ఎంత ఉందో, గాలి ఎటు తిరుగుతోందో అది చూపిస్తుంది.

నియమాలు ఎంత కచ్చితంగా ఉంటాయో తెలియడానికి స్పేస్‌ఎక్స్ సంస్థ రాకెట్ ఫాల్కన్-9 కోసం నాసా ప్రకటించినవి కొన్ని చూడండి. ప్రయోగ వేదికకు గానీ రాకెట్ దారికి గానీ సుమారు 18 కిలోమీటర్ల లోపు మెరుపు కనిపిస్తే, ప్రత్యేక షరతులు నెరవేరితే తప్ప, అరగంట ఆగాలి. సుమారు 9 కిలోమీటర్ల లోపు ఉన్న ఫీల్డ్ మిల్లు మీటరుకు 1,500 వోల్టులు దాటి చూపిస్తే, అది తగ్గాక కూడా పావుగంట వేచి ఉండాలి. ఉరుముల మేఘం తల మీద కమ్మరి దాగలిలా పరుచుకునే పలుచని భాగానికి కూడా దూరంగా ఉండాలి, ఎందుకంటే తల్లి మేఘంలోని ఆవేశం అక్కడి దాకా పాకి ఉంటుంది. అడవి మంటల పొగ నుంచి పుట్టిన మేఘం మీద కూడా నిషేధం ఉంది.

ఈ నియమాల్లో నీరు గడ్డకట్టే ఎత్తు పదేపదే వస్తుంది. మేఘం ఆ ఎత్తు దాటి పైకి పెరిగితేనే లోపల మంచు పలుకులు, మెత్తని వడగండ్లు ఒకదానికొకటి రాసుకుని ఆవేశాలు విడిపోతాయి. మన ప్రాంతంలో ఆ ఎత్తు దాదాపు 5 కిలోమీటర్లు. అంతకన్నా కిందే ఉండిపోయే పొట్టి మేఘాలు చూడటానికి నల్లగా ఉన్నా ప్రమాదం తక్కువ.

మంచు పలుకుల గుండా వెళ్లినా రాకెట్‌కు ఆవేశం వస్తుందా?

వస్తుంది. గడ్డకట్టిన రేణువులు రాకెట్ ఒంటిని రాసుకుంటూ పోతే దాని మీద స్థిరవిద్యుత్తు పేరుకుంటుంది. అది భూమితో సాగే రేడియో సంబంధాన్ని చెడగొట్టవచ్చు. దారి తప్పితే రాకెట్‌ను పేల్చేయమని పంపే ఆదేశం వెళ్లేది కూడా రేడియో ద్వారానే. కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోరు. 2009 అక్టోబర్ 27న నాసా ఏరీస్ 1-ఎక్స్ అనే మానవరహిత పరీక్షా రాకెట్ ఈ నియమం వల్ల కూడా ఆగి, మర్నాడు ఎగిరింది.

ఎండ కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా వాయిదా వేశారు. ఎందుకు?

పైగాలుల వల్ల కావచ్చు. ఇవి కంటికి కనిపించవు గనుక జనానికి అన్నిటికన్నా చికాకు కలిగించే వాయిదాలు ఇవే.

రాకెట్ నిమిషం, నిమిషంన్నర లోపే పది కిలోమీటర్ల ఎత్తు దాటుతుంది. వేగం పెరుగుతూ ఉంటుంది, గాలి పలుచబడుతూ ఉంటుంది. ఈ రెండూ కలిసి రాకెట్ మీద గాలి ఒత్తిడి గరిష్ఠంగా ఉండే ఘట్టం ఒకటి వస్తుంది. సరిగ్గా ఆ ఎత్తుల్లోనే జెట్ ప్రవాహాలు, అంటే నదుల్లా సాగే బలమైన గాలులు, వీస్తుంటాయి. రాకెట్ ముక్కు గాలికి ఎదురుగా సూటిగా ఉన్నంతసేపు ఫరవాలేదు. పక్క నుంచి గాలి కొడితే కొద్ది డిగ్రీల వాలుకే దాని నడుము మీద వంచే బలం విపరీతంగా పెరుగుతుంది. గాలి ఒకే వేగంతో వీస్తే సర్దుకోవచ్చు. కొన్ని వందల మీటర్ల ఎత్తు తేడాలోనే దిశ, వేగం ఠక్కున మారిపోతే ఇంజన్లను తిప్పి సరిచేసుకునే సమయం రాకెట్‌కు చాలదు.

దీనికి విరుగుడుగా ప్రయోగం రోజున గంటల ముందు నుంచి బెలూన్లు వదులుతారు. వాటికి కట్టిన పరికరాలు ఎత్తు పెరిగే కొద్దీ గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో పంపుతాయి. ఆ లెక్కల ప్రకారం రాకెట్ ఆ రోజు ఏ ఎత్తులో ఎంత వంగి వెళ్లాలో నిర్ణయించి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. ఇస్రో కూడా ఈ పద్ధతినే వాడుతుంది. అంటే ఒకే రకం రాకెట్ ఒకే కక్ష్యకు వెళ్తున్నా, సోమవారం ఎగిరిన తీరు మంగళవారానికి పనికిరాకపోవచ్చు. చివరి బెలూన్ చెప్పిన గాలికి, లెక్క వేసిన గాలికి తేడా హద్దు మీరితే ఆపడమే మార్గం.

శ్రీహరికోటకు సంబంధించి ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. వేసవి రుతుపవనాల నెలల్లో సుమారు 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక జెట్ ప్రవాహం వీస్తుంది. అది బలంగా ఉండేది దాదాపు చెన్నై అక్షాంశం మీదే, అంటే షార్ నెత్తి మీదే. 1950లలో దాన్ని గుర్తించి ప్రపంచానికి చెప్పినవారు పి. కోటేశ్వరం, తర్వాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. చంద్రయాన్-2, చంద్రయాన్-3 రెండూ జూలైలోనే, ఆ గాలులు వీచే కాలంలోనే వెళ్లాయి. తెలిసిన గాలికి లెక్క కట్టుకోవచ్చు, భయమల్లా అనుకోకుండా మారే గాలితోనే.

ఈ పైగాలులను అధ్యయనం చేసే పెద్ద రాడార్ తిరుపతి జిల్లా గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధనశాలలో ఉంది. వందల యాంటెన్నాలు పొలంలో నాటినట్టు వరుసల్లో నిలబడి ఉంటాయి. శ్రీహరికోట కూడా ఇప్పుడు అదే జిల్లాలో ఉండటం ముచ్చటే.

నేల మీద గాలి సంగతి?

రాకెట్‌ను సిద్ధం చేసేటప్పుడు చుట్టూ ఉండే సేవా గోపురం వెనక్కి జరిగాక రాకెట్ ఒంటరిగా నిలబడుతుంది. బలమైన ఈదురుగాలికి అది ఊగుతుంది. లేచిన మొదటి సెకన్లలో, వేగం ఇంకా అందుకోకముందే, పక్కనున్న గోపురం వైపు జరిగే ప్రమాదమూ ఉంది.

గాలి దిశ కూడా ముఖ్యమే. పీఎస్‌ఎల్‌వీ రెండో దశలోనూ నాలుగో దశలోనూ వాడే ద్రవ ఇంధనాలు విషపూరితమైనవి. ఘన ఇంధనం మండితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది. ఏదైనా తేడా జరిగితే ఆ వాయువులు సముద్రం వైపు పోతాయా, ఊళ్ల వైపు వస్తాయా అని ముందే చూస్తారు. నేల దగ్గర చల్లగాలి, పైన వేడిగాలి పొరలా ఉండే రోజున పేలుడు శబ్దతరంగం దూరంగా ఉన్న కిటికీల మీదకు వంగివచ్చే అవకాశాన్నీ లెక్కిస్తారు. ఈ సంగతి వార్తల్లో దాదాపు కనిపించదు.

శ్రీహరికోటలో ఏ నెలలు ఇబ్బంది?

అక్టోబర్ నుంచి డిసెంబర్. ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతం తుపానులు కలిసే కాలం. 2022 నవంబర్‌లో హైదరాబాదు సంస్థ స్కైరూట్ తన విక్రమ్-ఎస్‌ను 15న పంపుదామనుకుని, వాతావరణం బాగా లేక 18కి మార్చుకుంది. భారతదేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసిన రాకెట్ ఎగరడం అదే మొదటిసారి. అది సుమారు 89 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ కోసం జరిపిన మానవరహిత పరీక్ష ఉదయం 8 గంటలకు మొదలవాల్సింది. ముందు వాతావరణం ఆలస్యం చేసింది, ఆ తర్వాత చివరి సెకన్లలో కంప్యూటర్ ఆపింది, ఎట్టకేలకు 10 గంటలకు ఎగిరింది.

వానాకాలమని షార్ చేతులు కట్టుకుని కూర్చోదు. ప్రయోగాలు ఆ నెలల్లోనూ జరుగుతాయి, కాకపోతే తేదీ పక్కన "వాతావరణం అనుకూలిస్తే" అన్న మాట ఎక్కువగా కనిపిస్తుంది.

తుపాను వస్తుంటే వేదిక మీదున్న రాకెట్‌ను ఏం చేస్తారు?

వీలైతే లోపలికి తీసుకెళ్తారు. షార్ రెండో వేదిక దగ్గర రాకెట్‌ను దూరంగా ఉన్న భవనంలో నిలబెట్టి, పట్టాల మీద వేదికకు తెస్తారు. మొదటి వేదిక దగ్గర కదిలే సేవా గోపురమే రాకెట్ చుట్టూ గూడులా నిలుస్తుంది.

2022లో నాసా ఆర్టెమిస్-1 ఈ విషయంలో రెండు రకాల నిర్ణయాలూ చూసింది. సెప్టెంబర్ చివరలో ఇయాన్ హరికేన్ వస్తుంటే రాకెట్‌ను భవనంలోకి తిరిగి తీసుకెళ్లారు. నవంబర్‌లో నికోల్ వచ్చేసరికి తీసుకెళ్లే సమయం మించిపోయింది. రాకెట్ వేదిక మీదే తుపానును భరించింది. 60 అడుగుల ఎత్తులో గంటకు సుమారు 137 కిలోమీటర్ల గాలిని తట్టుకునేలా దాన్ని రూపొందించారు. వీచిన గాలి సుమారు 132 దాకా వెళ్లింది. నౌక దగ్గర సందు పూడ్చే పూత కొంత ఊడింది. నష్టం పరిశీలించి, ఫరవాలేదని తేల్చి నవంబర్ 16న ప్రయోగించారు. అది అదృష్టమా, మంచి ఇంజనీరింగా అన్న వాదన అప్పట్లో బాగానే జరిగింది. నా మట్టుకు, హద్దుకు అంత దగ్గరగా వెళ్లడం మెచ్చుకోదగ్గ పని కాదు.

చలి, మంచు?

శ్రీహరికోటకు ఆ బాధ లేదు. కజకిస్తాన్‌లోని బైకనూరు నుంచి సోయుజ్‌లు మంచు కురుస్తుండగా కూడా ఎగురుతాయి. వాటి మూలం సైనిక క్షిపణి కావడం వల్ల ఆ మొండితనం వచ్చింది. చలి ఎంత చేటు చేయగలదో 1986 జనవరిలో చాలెంజర్ చూపించింది. అది మనుషులున్న షటిల్. అయినా చలికి గట్టిపడి వేడి వాయువులను ఆపలేకపోయిన రబ్బరు వలయాల పాఠాన్ని ఘన ఇంధన రాకెట్లు తయారుచేసే వారందరూ నేర్చుకున్నారు.

మనుషులు లేనప్పుడు నియమాలు సడలించవచ్చు కదా?

కొన్ని ఎలాగూ ఉండవు. వ్యోమగాములుంటే, మధ్యలో ప్రమాదం జరిగి నౌక సముద్రంలో దిగాల్సి వస్తే అక్కడ అలలు, గాలి ఎలా ఉన్నాయో దారి పొడవునా చూడాలి. ఉపగ్రహానికి ఆ గొడవ లేదు. పిడుగు, పైగాలుల నియమాలు మాత్రం దాదాపు అవే. కిందనున్న ఊళ్లకు, ఓడలకు రాకెట్‌లో మనిషి ఉన్నాడా లేడా అన్నది అనవసరం. అదుపు తప్పిన రాకెట్ ఎవరి మీదైనా పడుతుంది.

తిరిగి దిగే రాకెట్లతో కొత్త చిక్కు వచ్చింది. ప్రయోగ స్థలంలో వాతావరణం బాగున్నా, వందల కిలోమీటర్ల దూరంలో మొదటి దశ దిగాల్సిన నౌక దగ్గర సముద్రం అల్లకల్లోలంగా ఉందని ఫాల్కన్-9 ఆగిన సందర్భాలు ఉన్నాయి.

ఎక్కడో ఉన్న వాతావరణం శ్రీహరికోట ప్రయోగాన్ని ఆపిన సందర్భం ఉందా?

ఉంది, అదీ మంగళయాన్ విషయంలో. 2013 అక్టోబర్ 28న పంపాలనుకున్నారు. రాకెట్ చివరి దశ పసిఫిక్ మీద మండుతుంది కాబట్టి దాని సంకేతాలు అందుకోవడానికి నలంద, యమున అనే రెండు నౌకలు ఫిజీ వైపు వెళ్లాలి. దక్షిణ పసిఫిక్‌లో వాతావరణం బాగా లేక నలంద చేరడం ఆలస్యమైంది. ప్రయోగం నవంబర్ 5కి మారింది. శ్రీహరికోట ఆకాశానికి ఆ వాయిదాతో సంబంధమే లేదు.

ఒక్క రోజు ఆగితే ఏం పోతుంది?

భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహమైతే చాలాసార్లు ఏమీ పోదు. గ్రహాలకు వెళ్లే నౌకలకు గడువు ఉంటుంది. గురుగ్రహానికి వెళ్లే యూరప్ నౌక జ్యూస్‌కు రోజుకు ఒకే ఒక్క క్షణం అనుకూలం. 2023 ఏప్రిల్ 13న దక్షిణ అమెరికాలోని యూరప్ ప్రయోగ కేంద్రం కౌరూలో పిడుగు ముప్పు ఉండటంతో ఐదు నిమిషాలు ఆగుదామనే వీలు లేక మర్నాటికి వేశారు. యూఏఈ అంగారక నౌక హోప్ 2020 జూలై 15న జపాన్‌లోని తనెగషిమా నుంచి వెళ్లాల్సింది, వాతావరణం వల్ల రెండుసార్లు వాయిదా పడి, జపాన్ కాలమానం ప్రకారం 20న వెళ్లింది. ఆ గడువు తప్పితే మళ్లీ 26 నెలలు ఆగాలి. ఇన్ని రోజుల వెసులుబాటు ముందే ఉంచుకోవడానికి కారణం వాతావరణమే.

సూర్యుడి మీద తుపానులు కూడా లెక్కలోకి వస్తాయా?

వస్తాయి. 2022 ఫిబ్రవరి 3న ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు 49 కలిసి వెళ్లాయి. ప్రయోగం నిక్షేపంగా జరిగింది. సూర్యుడి ప్రభావంతో రేగిన భూ అయస్కాంత తుపాను వల్ల పై వాతావరణం వేడెక్కి ఉబ్బింది, తక్కువ ఎత్తులో వదిలిన ఉపగ్రహాలకు గాలి ఒరిపిడి పెరిగింది. 40 దాకా కిందికి జారి కాలిపోయాయి. కేప్ దగ్గర ఆకాశం ఎంత బాగుంటే ఏం లాభం?

"70 శాతం అనుకూలం" అంటే ఏమిటి?

ప్రయోగ సమయంలో వాతావరణ నియమం ఏదీ అడ్డుపడకుండా ఉండే అవకాశం 70 శాతం అని. రాకెట్ విజయానికి దానితో సంబంధం లేదు. అమెరికా సైనిక వాతావరణ విభాగం ఇచ్చే ఈ అంకెలో పైగాలులు, దూరపు సముద్రం సాధారణంగా కలవవు, వాటిని విడిగా చెబుతారు. అందుకే 90 శాతం అన్న రోజున ఆగడమూ ఉంది, 30 శాతం అన్న రోజున ఎగరడమూ ఉంది.

షార్‌కు వెళ్లి చూడాలనుకుంటున్నాం. వాతావరణం విషయంలో ఏం చూసుకోవాలి?

2019 నుంచి షార్‌లో సందర్శకుల గ్యాలరీ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. సూళ్లూరుపేట దాకా రైళ్లు, బస్సులు ఉంటాయి. అక్టోబర్, డిసెంబర్ మధ్య వెళ్తే తిరుగు టికెట్టు ఒక రోజు అటూ ఇటూ అయినా ఫరవాలేదన్నట్టు చూసుకోండి. మేఘాలు కిందుగా ఉంటే ప్రయోగం జరుగుతుంది కానీ మీకు కనిపించేది కొద్ది సెకన్లే. వెలుగు మబ్బులోకి పోయాక శబ్దం మాత్రం మిగులుతుంది. కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున అది వెనకబడి వస్తుంది కాబట్టి, రాకెట్ కనబడకుండా పోయాక కూడా కాసేపు మోత సాగుతుంది. అలాంటి రోజున ఫోనులో ఇస్రో ప్రత్యక్ష ప్రసారం పెట్టుకోండి. తెర మీద ముందుగా గీసిన గీత మీదే రాకెట్ చుక్క కదులుతుంటే అంతా సవ్యంగా సాగుతున్నట్టే.